ఇరుకు బండి

...సారీ మురారీ, చెప్పడానికి ఇంతసేపు తీసుకుంటున్నా, ఏమనుకోకు. పెద్ద కార్లకి అలవాటుపడ్డ అమెరికావాళ్లు ఖరీదైన బుల్లి కారు కొంటారా అనడిగావుగా, దానికే వస్తున్నా. పూర్వం ఒక రాజ్యంలో బండి ఎంత పెద్దదైతే మనిషి అంత గొప్ప. వడ్రంగి మల్లాచారి మాత్రం పట్టుపరుపేసి, నగిషీలు చెక్కి, ఇద్దరే పట్టే బండి చేశాడు. ధర మాత్రం పెద్ద బండిదే చెప్పాడు. దివాను తన పెద్ద బండిలో వచ్చి, చూసి నవ్వాడు.

"ఈ బొమ్మకి అంత ధరా? పొద్దుగూకేలోపు ఒక్క గొప్పవాడైనా కొనకపోతే నీ కొట్టు మూయిస్తా."

"చిత్తం బాబుగారూ. తమరేంటి, తోలేవాడి పక్కన వేలాడుతూ వచ్చారు?"

"లోపల చోటేదీ? మా బావమరిది, వాడి పిల్లలు, దార్లో చెయ్యెత్తినవాళ్లూ! చోటుండీ ఎక్కించుకోకపోతే మన దగ్గర తప్పు కదయ్యా."

"ఇందులో చోటే ఉండదు బాబూ. ఎవర్నీ కాదనక్కర్లేదు."

దివాను బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గొంతు తగ్గించి, "నేనే కొంటా ఆచారీ. ఆ రెండోవాడి చోటు కూడా తీసెయ్, త్వరగా. బావమరిది ఇటే చూస్తున్నాడు" అన్నాడు.

కాబట్టి అమెరికాలో కూడా... ఆఁ, వస్తున్నానే! మీ అక్క పిలుస్తోంది, ఉంటా...