హంగేరీకి మా ఇంటిల్లిపాదీ పెట్టిన దరఖాస్తు

మా ఇంట్లో తెలివికి కరువు లేదండీ. ఎవరైనా ఒక మాట చెబితే అక్షరం పొల్లుపోకుండా అదే చేస్తాం. పెద్దాపురం మొత్తమ్మీద ఇంత జాగ్రత్తగల కుటుంబం లేదని మా నాన్న సత్తియ్య అందరికీ చెబుతుంటాడు. అందరూ నవ్వుతూ ఒప్పుకుంటారు.

నేను భ్రమరాంబని. ఎమ్మే తెలుగు. హంగేరీ దేశంలో ఏడాది చదువు, వారానికి రెండ్రోజులు అక్కడివాళ్ళకి తెలుగు పాఠం, ఖర్చంతా వాళ్ళదే. మా విశాలాక్షి మేడమ్ ఆ సంగతి చెప్పి, "నీకు తప్పకుండా వస్తుందే. నేను చెప్పినట్టు చెయ్యి, చాలు" అంది. చెప్పినట్టు చెయ్యడమా? ఇంకేముంది, వచ్చేసినట్టే! అమ్మ ఆ రోజే స్వెట్టర్ అల్లడం మొదలెట్టింది. కాకినాడ దాటి ఎరగని నాకు హంగేరీ అంటేనే గుండె దడదడలాడేది. అంత ఆశ.

"ఫారంలో ఒక్క గడీ ఖాళీగా ఉంచొద్దు" అంది మేడమ్. చివర్లో "ఆఫీసువారి కోసం" అని ఒకచోట రెండు గళ్ళున్నాయి: ఎంపికైనారు, తిరస్కరించాం. ఖాళీ ఉంచొద్దంది కదా! రెండిట్లోనూ టిక్కు పెట్టేశా.

"సిఫార్సు ఉత్తరం నిన్ను బాగా ఎరిగినవాళ్ళు రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి" అంది. "కన్నదాన్ని, నాకంటే ఎవరెరుగుదురు?" అని అమ్మ కూర్చుంది. "మా అమ్మాయి మంచిది. ఎనిమిదైనా లేవదు. లేపితే కరుస్తుంది." అంతే, సంతకం.

ఇక వ్యాసం. "ఎందుకు వెళ్ళాలనుకుంటున్నావో నీ సొంత మాటల్లో రాయి. ఒక్క మాట కూడా ఎవరి దగ్గరా తీసుకోకూడదు" అంది. 'నేను' అని రాయబోతే నాన్న అడ్డుపడ్డాడు.

"అది నీ మాటేంటే? ఊరంతా అనేదేగా!"

"మరి 'చదువు'?"

"అది మీ మేడమ్‌ది."

"'అమ్మ' అని రాయనా?"

"అది నీకు నేను నేర్పింది!" వంటింట్లోంచి కేకేసింది అమ్మ.

ఎంత వెతికినా నాకంటూ ఒక్క మాట లేదు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు చదివి ఒక్క సొంత మాట సంపాదించుకోలేదు! ఇంకేముంది, అప్పటికప్పుడు కొత్తవి తయారుచేశా. "జిప్పలం గుటారు తొంబిడి, మిసకల బుల్లాయం" అంటూ రెండు పేజీలు. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

"ఫారం కింద మీ నాన్నగారి సంతకం ఉండాలి." నాన్న ఫారం ఎత్తి, దాని కింద నాపరాయి మీద గుండ్రంగా సంతకం పెట్టి, ఫారం మళ్ళీ పరిచేశాడు. తీరా చూస్తే, సంతకం స్కాన్ చేసి పంపాలట! నేలని స్కాన్ చేయించడం ఎలా? మా బుల్లెయ్య మామయ్య, అమ్మ తమ్ముడు, మా అందరిలోకీ బుర్రున్నవాడు. గునపం తెచ్చి రాయి పెళ్ళగించాడు. నాన్నా మామయ్యా మోసుకెళ్ళి నెట్ సెంటర్లో జెరాక్సు మిషను మీద పెట్టారు. అంతే! అద్దం ఫెళ్ళుమంది.

ఆ గోలకి నెట్ సెంటర్ ఎదురింట్లో ఉండే మేడమ్ పరిగెత్తుకొచ్చింది. నా వ్యాసం చదివింది. అమ్మ ఉత్తరం చదివింది. తల పట్టుకుని ఆ నాపరాయి మీదే కూలబడింది. తర్వాత మూడు రోజులు మా ఇంటికొచ్చి, మామయ్య కంప్యూటర్లో అన్నీ మళ్ళీ దగ్గరుండి నింపించింది.

ఆఖరి రోజు పొద్దున పదింటికి అంతా సిద్ధం. గడువు సాయంత్రం ఐదు. మేడమ్‌కి క్లాసుంది. "పంపు అని ఉంది చూడు, దాని మీద నొక్కు. 'అందింది' అని వచ్చేదాకా వదలొద్దు" అని చెప్పి వెళ్ళింది.

నొక్కా. వదల్లేదు. గంటైంది. వేలు తిమ్మిరెక్కింది. అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. తర్వాత మామయ్య నొక్కాడు, తర్వాత అమ్మ, తర్వాత నాన్న. నాలుగున్నరకి మేడమ్ ఫోన్.

"వెళ్ళిందా?"

"ఇంకా లేదండీ. పొద్దుట్నుంచీ నొక్కి పట్టుకునే ఉన్నాం. ఒక్క క్షణం వదిలితే ఒట్టు!" అన్నాడు నాన్న.

"అయ్యో రామా! వేలు తీస్తేనే కదండీ వెళ్ళేది! ముందా మౌస్‌ని వదిలెయ్యండి, వెంటనే!"

ఇంకేముంది, నాన్న నొక్కిపట్టుకునే ఉన్నాడు, మామయ్య పుటుక్కున వైరు పీకేశాడు. మౌస్‌ని గుడ్డ సంచిలో వేసి సైకిలెక్కాడు. "ఎలకని వదలడం నాకేం కొత్తా? ఇంటి పక్కన వదిలితే మళ్ళీ వచ్చేస్తుంది!" అంటూ తొక్కేశాడు.

మేం గుమ్మంలో నిలబడ్డాం. ఐదైంది. తెర మీద 'గడువు ముగిసింది' అని పడింది. హంగేరీ పోయింది.

ఇంకో పది నిమిషాలకి మామయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. "కాలవ అవతల వరిచేలో వదిలా. దారి గుర్తుండకుండా మూడుసార్లు గిర్రున తిప్పి మరీ వదిలా!" నాన్న మామయ్య భుజం తట్టాడు.

నాకు మాత్రం కన్నీళ్ళాగలేదు. అమ్మ దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది.

"ఊరుకోవే భ్రమరా. వరిచేను కదా, దానికి తిండికి లోటుండదు."

ఆ మాటతో నా మనసు కాస్త కుదుటపడింది.