ఏడవని పగడాలు

అనగా అనగా, ఏడుపన్నదే వినపడని ఒక కోట ఉండేది. వింటున్నారా? చిన్నోడా, నువ్వు అటు దొర్లకు, కుట్లు లాగుతాయి. వెల్లకిలా పడుకునే ఊ కొట్టు.

ఆ కోటలో రాజుగారికి కొడుకుల తర్వాత లేకలేక పుట్టిన కూతురు పగడాలు. పాపం, దానికి కడుపులో గడ్డ లేచింది. రాజవైద్యుడు కోసి, గడ్డ తీసేసి, కుట్లు వేశాడు. నొప్పి అంటే పట్టమని చేదు మందొకటి ఇచ్చి వెళ్ళాడు. రాజుగారికి కూతురంటే ప్రాణం కదా, దండోరా వేయించాడు: పాప ఏడుపు వినపడిందా, పక్కనున్నవాళ్ళకి కొరడా దెబ్బలే!

ఇంకేముంది? పాలు తెచ్చినవాళ్ళు గడప దగ్గర పెట్టి పరుగు, పళ్ళు తెచ్చినవాళ్ళు బల్లమీద పెట్టి పరుగు, దుప్పటి తెచ్చినవాళ్ళు విసిరేసి పరుగు. ముసలి దాది సూరమ్మ ఒక్కతే గుమ్మం అవతల కూర్చునేది, గాజులు చప్పుడు కాకుండా.

పగడాలు పైకప్పు చూస్తూ పడుకునేది. కదిలితే పొట్టలో నిప్పు రాజేసినట్టుండేది. ఏడుపు గొంతుదాకా వచ్చేది. అమ్మో, ఏడిస్తే సూరమ్మని కొడతారు! దుప్పటి అంచు కొరికి, వచ్చిన ఏడుపు వచ్చినట్టే మింగేసేది. పాలు తాగదు, పండు కొరకదు, బొమ్మని ముట్టదు. రాజుగారేమో తలుపు సందులోంచి చూసి, నా తల్లికి నొప్పే లేదని మురిసిపోయేవాడు. నొప్పి లేని పిల్లకి మందెందుకని సీసా మూత తీసినవాళ్ళే లేరు. ఊ అను.

ఇంతలో రాజుగారి చిన్నకోడలు పుట్టింటినుంచి తిరిగొచ్చింది. ఆడే పిల్ల ఇలా బిగుసుకుపోయి ఉందేమిటని ఆవిడకి అనుమానం. ఆవిడే పగడాలు పక్కనున్న గుడ్డబొమ్మని తీసుకుని, దాని పొట్టకి కట్టు కట్టి, దీనికెలా ఉందమ్మా అని పాపని అడిగింది.

"చాలా నొప్పి వదినా," అని పగడాలు చెవిలో చెప్పింది. "ఏడిస్తే సూరమ్మని కొడతారని ఊరుకుంది."

వదిన దాని తల ఒళ్ళో పెట్టుకుని, బొమ్మ వంతు కూడా నువ్వే ఏడు తల్లీ అంది. దాచుకున్న ఏడుపంతా ఒక్కసారే! కోట దద్దరిల్లింది. రాజుగారు ఊగిపోతూ వచ్చాడు.

"ఏడిపించింది నేనే మామయ్యగారూ, కొరడా తెప్పించండి," అంది కోడలు.

"వదిన కాదు నాన్నా! నన్నేడిపించింది నొప్పి," అంది పగడాలు.

రాజుగారు నేలమీదే చతికిలపడ్డాడు. కొరడా పొయ్యిలోకి పోయింది. ఆనాటినుంచి నొప్పి ముదిరేదాకా చూడకుండా, వైద్యుణ్ణడిగి వేళకి మందు పట్టారు. చేదు, తాగనంటే రాజుగారే ఓ చుక్క నాకి మొహం వంకర్లు తిప్పాడు. నవ్వించకు నాన్నా, కుట్లు లాగుతాయంది పగడాలు. సూరమ్మ గాజులు గలగలలాడించుకుంటూ మంచం పక్కకే వచ్చి కూర్చుంది.

నొప్పి అని చెప్పడం అల్లరి కాదు నాన్నా, చెప్తేనే కదా పెద్దవాళ్ళకి తెలిసేది. సరే, కథ కోటలోకి, మనం దుప్పట్లోకి. ఏం చిన్నోడా, ఊ కొట్టడం మానేశావు? నిద్రా, నొప్పా? నిజం చెప్పు. ఇక్కడెవరికీ దెబ్బలు పడవు.