మొదటి తాంబూలం

రెండు పెద్ద రాజ్యాల రాయబారులు ఒకే పూట బుల్లి రాజ్యం వాగులపాడుకి వచ్చిపడ్డారు. "మొదటి తాంబూలం మాకివ్వకపోతే దండెత్తుతాం" అన్నారిద్దరూ. వాగులపాడుకి అండగా ఉన్న చిన్నరాజుల కూటమి సాయం పున్నమికి గానీ రాదు. రాజు ముందు ఇద్దరినీ భోజనానికి కూర్చోబెట్టాడు.

వడ్డిస్తున్న వంటమనిషి సూరాలు గమనించింది. ఇద్దరూ ఒకరి మీంచి ఒకరు చూపు తిప్పడం లేదు. 'వీళ్ళకెందుకబ్బా ఇంత బెదురు?' అనుకుంది.

"అయ్యా, తాంబూలమిచ్చేది సెలవు తీసుకునేవాళ్ళకి కదా! ముందు బయల్దేరినవాళ్ళకే మొదటిది" అంది రాజుతో, రాయబారులకి వినపడేలా.

తాను వెళ్ళిపోతే రెండోవాడు రాజుతో ఏం మంతనాలాడతాడోనని ఇద్దరికీ భయం. ఇద్దరూ కదల్లేదు. రోజులు గడిచాయి; తమ రాయబారి లోపలుండగా ఏ రాజూ దండెత్తలేదు.

"ఎన్నాళ్ళే వీళ్ళని మేపడం?" అన్నాడు రాజు సూరాలుతో.

"పున్నమిదాకానే దొరా! రెండు దండ్లు మన చేలు మేసేకంటే, ఇద్దరు పప్పన్నం తింటే నయం కాదూ?"