లేచి వెళ్ళినవాళ్ళకు నక్క చెప్పిన పాఠం

నీళ్ళు నిండుగా ఉన్నన్నాళ్ళూ అడవిలో ఎవరి దారి వాళ్ళది. నీళ్ళు అడుగంటితేనే ఒకరితో ఒకరికి పని పడుతుంది. ఆ ఏడు ఎండలకు ఎర్రగుట్ట అడవిలో వాగు ఎండింది, కుంటలు నెర్రెలిచ్చాయి. చివరికి మిగిలింది గుట్ట అవతల ఒకే ఒక్క మడుగు. దానికి రెండే దారులు. ఒకటి రాళ్ళ మీదుగా ఎక్కి దిగే గుట్ట దారి, రెండోది ఎండిన ఇసుకలోంచి పోయే వాగు దారి. ఈ సంగతి వేటగాళ్ళు కూడా కనిపెట్టారు. మధ్యాహ్నం వచ్చి ఏదో ఒక దారిలో ఉచ్చులు పన్నిపోతారు, తెల్లారి వచ్చి పడ్డవాటిని ఎత్తుకుపోతారు. ఏ రోజు ఏ దారిలో పన్నుతారో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందుకని పొద్దు వాలే వేళ అందరూ ఇప్పచెట్టు కింద కూడి, ఎవరు ఏం చూశారో చెప్పుకుని, ఆ తర్వాతే నీళ్ళకు పోవాలని అనుకున్నారు. చెట్ల కొసల మీద తిరిగే కొండముచ్చు వేటగాళ్ళను చూసొచ్చి దారి చెప్పాలి. మిగతావాళ్ళు తమకు తెలిసిన మెలకువలు ఒకరికొకరు నేర్పుకోవాలి. ఇంతవరకు బాగానే ఉంది. ఆ సభ నడిపే పని ఎలుగుబంటికి అప్పగించారు చూడండి, అక్కడొచ్చింది తంటా.

ఎలుగుబంటికి ఆ అర్హత ఎక్కడిదంటారా? ఒకసారి తేనెపట్టు కోసం అడవి బంగళా వెనక చేరి, కిటికీలోంచి ఆఫీసర్ల శిక్షణ శిబిరం చూసింది. అందరూ గుండ్రంగా కూర్చోవడం, ఒకాయన మధ్యలో నిలబడి చేతులు తిప్పడం, మిగతావాళ్ళు తలలూపడం దానికి తెగ నచ్చాయి. వాళ్ళంతా టీ తాగడానికి లేచి వెళ్ళిన భాగం మాత్రం చూడలేదు. అప్పుడది తేనె తాగుతోంది.

"మధ్యలో ఎవరూ లేవకూడదు. అదే మొదటి నియమం," అంది ఎలుగుబంటి మొదటిరోజే.

"పెద్దయ్యా, నా పిల్ల పొదలో ఉంది. ఇది దానికి పాల వేళ," అంది దుప్పి. "దారి సంగతి ముందుగా చెప్పించరాదా? విని పోయి పాలిచ్చి వస్తాను."

"అసలు మాట ముందే చెప్పేస్తే ఇక నా మాట వినేదెవరు?"

ఎంత నిజాయితీగా ఒప్పుకుందో చూశారా! ఎలుగుబంటి ముందు తన చిన్నతనం చెప్పాలి, తర్వాత తేనెటీగల మీద తన విజయాలు చెప్పాలి, అందరూ తలలూపాలి, ఆపైన ఎప్పుడో నడుమలో కొండముచ్చుకు నోరు తెరిచే వరస వస్తుంది. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ప్రాణం నిలిపే మాటను మూటలో కట్టి చంకలో పెట్టుకోవడమంటే ఇదే.

"నాకూ మాటిమాటికీ చాటుకు వెళ్ళాల్సి వస్తుంది పెద్దయ్యా," అంది కుందేలు సిగ్గుపడుతూ. "భయపడితే ఆగదు. పుట్టుకతో వచ్చిన బాధ."

"ఆపుకో."

"ఆపుకుంటే ఇక్కడే అవుతుంది. పక్కన కూర్చుంది నువ్వే, ఆలోచించుకో," అంది ఏదుపంది అవ్వ. అందరూ నవ్వారు.

ఎలుగుబంటి మొహం మాడ్చుకుంది. అప్పుడు లేచింది నక్క. నక్క ఎప్పుడు లేవాలో అప్పుడే లేస్తుంది.

"పెద్దయ్యా, నీకెందుకీ తలనొప్పి? పాపం, పిల్లతల్లి ఒకతె, రోగిష్టిది ఒకతె. పోవాల్సినవాళ్ళను పోనివ్వు. వాళ్ళు లేనప్పుడు ఇక్కడ ఏమనుకున్నామో తిరిగొచ్చాక నేను చెప్తాను. నీ మాట తెగదు, వాళ్ళ పాఠం పోదు."

"ఆహా, ఎంత మంచి మనసు!" అంది ఎలుగుబంటి. దానికి కావలసింది కూడా అంతే. లేచేవాళ్ళను చూసుకోవడం పెద్ద బెడద, ఆ బెడద వేరేవాళ్ళ నెత్తికి పోయింది. వాళ్ళకు నక్క ఏం చెప్తోందో ఆ రోజు గాని, తర్వాత గాని ఒక్కసారైనా చెవి ఒగ్గి విన్నదా? లేదు. దొంగ చేతికి తాళాలిచ్చి, ఇంటి గోల వదిలిందని గుర్రు పెట్టి పడుకునేవాళ్ళను ఏమనాలో మీరే చెప్పండి.

కొన్నాళ్ళు నక్క ఉన్నది ఉన్నట్టే చెప్పింది. నమ్మకం కుదిరేదాకా ఏ దొంగయినా అంతే.

ఒక సాయంత్రం ఎలుగుబంటి తన తాతగారి పంజా గురించి చెప్తుండగా కుందేలు లేచి వెళ్ళింది. కాసేపటికి దుప్పి కూడా పిల్ల దగ్గరికి పోయింది. సరిగ్గా అప్పుడే కొండముచ్చు దారి చెప్పింది. కుందేలు తిరిగొచ్చి నక్క పక్కన చేరింది.

"నక్కన్నా, ఇవాళ ఎటు పోవాలి?"

"గుట్ట దారి, చెల్లెమ్మా. నిశ్చింతగా పో."

దుప్పి వచ్చి అడిగినా అదే మాట చెప్పింది. దుప్పి అదృష్టం, ఆ సాయంత్రం దాని పిల్ల పాలు తాగుతూ తాగుతూ ఒళ్ళోనే నిద్రపోయింది. దాన్ని లేపలేక నీళ్ళకు పోవడం మానుకుంది. కుందేలు మాత్రం పోయింది. ఉచ్చులున్నది ఆ గుట్ట దారిలోనే. వేటగాళ్ళు తెల్లారి వచ్చేసరికి వాళ్ళకు దొరికింది కాసిని బొచ్చు. మిగతాది నక్క పొట్టలోకి చేరిపోయింది.

మర్నాడు సభలో ఎలుగుబంటి గొంతు సవరించుకుంది.

"మన కుందేలు ఇక లేదు. నాకు బాధగానే ఉంది. కానీ ఒకటి చెప్తాను, ఇది అందరికీ గుణపాఠం. మధ్యలో లేచి తిరిగేవాళ్ళకు ఇలాగే అవుతుంది. శ్రద్ధ ఉండాలి, శ్రద్ధ."

నాకిప్పుడు చెప్తున్నా ఒళ్ళు మండుతోంది. చచ్చినదాని తప్పులు ఎంచడం ఎంత సులువు! అది లేచి బదులు చెప్పదు కదా. ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు లోపల సంబరపడుతూ, నక్క పైకి మాత్రం తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

దుప్పి మాత్రం ఆ మాట పడలేకపోయింది. దిగ్గున లేచి నిలబడింది.

"కొండముచ్చు మామా, నిన్న నువ్వు ఏ దారి మంచిదన్నావు?"

"వాగు దారి. ఉచ్చులు గుట్ట దారిలో పన్నారని గొంతు చించుకుని చెప్పానుగా."

"నాకు నక్క గుట్ట దారని చెప్పింది. కుందేలుకూ అదే చెప్పి ఉంటుంది."

అందరూ నక్క వైపు తిరిగారు. నక్క చెవులు కూడా కదల్లేదు.

"అయ్యో చెల్లెమ్మా! వాగు దారి అని నోరారా చెప్పానే! పిల్ల ధ్యాసలో పడి తిరగేసి విన్నావు. పాపం, నిద్రలేని తల్లివి, నిన్ను తప్పుపట్టి ఏం లాభం?"

"నేను విన్నది సరిగ్గానే విన్నాను."

"నువ్వసలు సభలో ఉన్నావా?" అంది ఎలుగుబంటి విసుగ్గా. "లేవు కదా. లేనిదానివి ఇక్కడ జరిగినదాని గురించి ఎలా మాట్లాడతావు? నక్క కూర్చునే ఉంది. నేను కూర్చున్నవాళ్ళ మాటే నమ్ముతాను."

"నేను అడిగేది ఇక్కడ జరిగినదాని గురించి కాదు పెద్దయ్యా. తిరిగొచ్చాక నాకు చెప్పినదాని గురించి. కుందేలు ఎందుకు లేచిందని నిలదీస్తున్నావు, వచ్చాక దానికి ఎవరేం చెప్పారని ఒక్క మాట అడిగావా?"

"చాలు! ఇంకొక్కసారి నువ్వు మధ్యలో లేస్తే నీకు ఈ సభ లేదు. దారి నువ్వే వెతుక్కో."

అందరూ నేల చూపులు చూశారు. అడవిపంది మట్టి కెలుక్కుంది. సభ లేకపోతే దారి తెలియదు. దారి తెలియకపోతే దుప్పికి ఉచ్చయినా మిగలాలి, దాహమైనా మిగలాలి. తల్లికి నీళ్ళు లేకపోతే పిల్లకు పాలు లేవు. ఇదంతా అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి కూడా నోరు మెదపలేదు. గుండ్రంగా కూర్చున్నంత మాత్రాన అందరూ ఒకటైపోరు మరి.

మర్నాటి సాయంత్రం దుప్పి పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. నేరుగా నడిచి, ఎలుగుబంటికి ఎదురుగా నిలబడి, అక్కడే పిల్లకు పాలివ్వడం మొదలుపెట్టింది.

"ఇదేం పద్ధతి? సభలో!" అంది ఎలుగుబంటి.

"లేవకూడదన్నావు, లేవలేదు. పిల్ల ఆకలికి నీ నియమం తెలియదు. ఎవరికి సిగ్గయితే వాళ్ళు తల తిప్పుకోండి."

"నా ముళ్ళ చాటుకు రా అమ్మాయ్, గాలి తగలదు," అంటూ ఏదుపంది అవ్వ జరిగి చోటిచ్చింది. తెగించి ఒకరు ముందుకొస్తే గాని పెద్దవాళ్ళకైనా ధైర్యం రాదు. కుందేలు పిల్లలను అప్పటికే అవ్వ తన బొరియలో దాచింది. వాళ్ళ విషయంలో నక్క మీద దానికీ నమ్మకం పోయింది.

ఎవరూ లేచి వెళ్ళకపోతే నక్కకు పనేముంది? నోటికి కూడు కూడా లేదు. కాసేపు పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. తర్వాత మెల్లగా లేచి, తల్లి లేని కుందేలు పిల్లలు దొరుకుతాయేమోనని పొదల్లోకి పోయింది. మరి ఎలుగుబంటి నియమం ఏమైందంటారా? "మన నక్క పనిమీద పోతుందిలే," అని తనే సర్దిచెప్పింది. దుప్పి పాల కోసం పోతే తిరుగుడు, నక్క పోతే పని!

నక్క అటు పోయిన కాసేపటికి కొండముచ్చు కొమ్మ మీదినుంచి దూకింది. ఈసారి ఎలుగుబంటి చేతులు తిప్పడం ఆపేదాకా ఆగలేదు.

"ఇవాళ గుట్ట దారిలో పన్నారు. వాగు దారి మంచిది. ముందది వినండి, తాతగారి పంజా సంగతి తర్వాత."

కడుపులో ఏమీ పడకుండానే నక్క తిరిగొచ్చింది. అది దూరంగా కనిపించగానే అడవిపంది గుసగుసలాడింది.

"దీనికి ఎవరూ ఏమీ చెప్పొద్దు. లేదంటే తిరగేసి చెబుదాం. తిక్క కుదురుతుంది."

"అవును, కుదురుతుంది," అన్నారు ఒకరిద్దరు.

"నేను చెప్తాను. ఉన్నది ఉన్నట్టే చెప్తాను," అంది దుప్పి.

"నిన్ను చంపబోయినవాడికా?"

"వాడికే. మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళకు అబద్ధం చెప్పొచ్చని మనమూ ఒప్పుకుంటే, ఇక రేపటినుంచి ఇక్కడ ఎవరు ధైర్యంగా లేస్తారు? నీకు అవసరం పడదా ఎప్పుడూ?"

అడవిపంది తల వంచుకుని మళ్ళీ మట్టి కెలుక్కుంది. నక్క వచ్చి తన చోట కూలబడింది. దుప్పి అందరికీ వినపడేలా చెప్పింది.

"నక్కన్నా, నువ్వు లేనప్పుడు కొండముచ్చు చెప్పింది. గుట్ట దారిలో ఉచ్చులున్నాయి. వాగు దారిన పో."

ఎవరూ కాదనలేదు. నక్క చుట్టూ చూసింది, అందరూ తననే చూస్తున్నారు. దానికి లోలోపల నవ్వొచ్చింది.

'పిచ్చి దుప్పీ! నామీదే నా విద్యా? నీ చోట నేనుంటే ఏం చెప్పేవాణ్ణి? తిరగేసి చెప్పేవాణ్ణి. అంటే ఉచ్చులున్నవి వాగు దారిలో, గుట్ట దారి ఖాళీ. అందరూ ఏకమై నాటకం ఆడుతున్నారు.'

"సంతోషం చెల్లెమ్మా, నీ మేలు మరిచిపోను," అని పైకి చెప్పి, ఎప్పటిలాగే అందరికంటే ముందు లేచింది. అడవిపందులు దిగి బురద చేయకముందే నీళ్ళు తాగడం దాని అలవాటు. చెట్ల మాటుకు పోగానే గుట్ట దారి పట్టింది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే. కాసేపటికి గుట్ట మీదినుంచి అరుపు వినపడింది.

అందరూ పరుగున పోయి, రాళ్ళ ఇవతల ఆగి చూశారు. నక్క వెనక కాలు ఉచ్చులో బిగుసుకుంది. గింజుకున్నకొద్దీ తాడు లోపలికి దిగుతోంది.

"మోసం!" అని అరిచింది నక్క. "నన్ను మోసం చేశారు!"

"నేను నీకు నిజమే చెప్పాను," అంది దుప్పి.

"నిజం చెప్తావని నేనెలా అనుకుంటాను? నిజమెవరు చెప్తారు?"

దగ్గరికి పోతే రెండో ఉచ్చు ఎక్కడుందో తెలియదు, పోవాలని ఎవరికీ లేదు కూడా. అప్పుడు ఎలుగుబంటి ముందుకొచ్చి చేతులు తిప్పడం మొదలుపెట్టింది.

"నాకు మొదటినుంచీ దీనిమీద అనుమానమే. చూశారా, నక్క బుద్ధి ఎక్కడికి పోతుంది? దీన్నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటంటే..."

దుప్పి దానివైపు తిరిగింది. అంత నెమ్మదస్తురాలి కళ్ళలో అంత మంట అంతవరకు ఎవరూ చూడలేదు.

"నక్కకు ఆకలేసింది పెద్దయ్యా, అందుకు కుందేలును చంపింది. నీకేమయింది? మమ్మల్ని నీ చేతిలో పెడితే, విసుగని తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టావు. దారి ముందే చెప్పించి ఉంటే కుందేలు బతికేది. తిరిగొచ్చాక నువ్వే ఒక్క మాట చెప్పి ఉన్నా బతికేది. అది చచ్చాక కూడా దాన్నే తప్పుపట్టావు. నువ్వు రోజూ ఆ చెట్టు కిందే కూర్చున్నావు, కానీ ఒక్కరోజు కూడా మా దగ్గర లేవు."

ఎలుగుబంటి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఏదో అనబోయి, వినడానికి తలూపేవాళ్ళు ఒక్కరూ లేరని చూసి, గుట్ట దిగి పోయింది. దాన్ని ఎవరూ పిలవలేదు.

ఆ తర్వాత సభ ఏదుపంది అవ్వ నడిపింది. కూర్చోగానే ముందు దారి మాట, పాఠాలు ఆ తర్వాత. లేవాల్సినవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పి లేచేవారు. తిరిగొచ్చాక వాళ్ళు విననిదాన్ని నలుగురూ వింటుండగానే చెప్పేవారు, ఎవరైనా పొరబడితే అక్కడే దిద్దేవారు. అడవిపందికి ఒకరోజు కడుపు చెడి ఏడుసార్లు లేస్తే, ఏడుసార్లూ విసుక్కోకుండా చెప్పారు.

నక్క సంగతంటారా? తెల్లారి వేటగాళ్ళు వచ్చేదాకా అది ఉచ్చులోనే ఆలోచిస్తూ ఉండిపోయింది. దుప్పి ఆ నిజం చెప్పడంలో ఏ ఎత్తు ఉందో దానికి చివరికీ అంతుపట్టలేదు.

నీతి: ఎదుట లేనివాడికి అబద్ధం చెప్పడం అలవాటైనవాడు, తనకు చెప్పిన నిజాన్ని నమ్మలేక చెడతాడు.