దళవాయి చెవిపోగు

రాజుగారి కిరీటం అంచు చిట్లింది. అతకడానికి కంసాలి సోమాచారి చిన్న దీపం, ఊదుగొట్టం పట్టుకుని సభకొచ్చాడు. అది చూసి సేనల్ని నడిపే దళవాయి రంగప్ప మండిపడ్డాడు.

"కిరీటానికి ఈ బుడ్డిదీపమా? నా ఫిరంగులు పోతపోసే కొలిమిలో పెట్టి అతుకు. కాదన్నా, కిరీటం చెడినా నీ తల ఉండదు!"

భటుడి కత్తి సోమాచారి మెడకి చల్లగా తగిలింది. ఆ మంటకి పల్చటి బంగారం నిలవదు. కాదంటే చావు, సరేనన్నా చావు.

"చిత్తం దొరా," అన్నాడు సోమాచారి. "ముందు మీ చెవిపోగు ఆ కొలిమిలో పెట్టి చూస్తాను. ఇప్పించండి."

రంగప్ప చెయ్యి చటుక్కున చెవి మీదికి పోయింది. "ఓరి వెధవా, కరిగి నీరైపోదూ!"

రాజు రంగప్ప వైపు తిరిగి చూశాడు. కత్తి కిందికి దిగింది.

"ఆ మాట నేనంటే తల పోయేది దొరా," అన్నాడు సోమాచారి. దీపమైతే వెలిగించాడు గానీ, వణికే పెదవులకి ఊదుగొట్టం చాలాసేపు కుదరలేదు.