రెండో అంతస్తులో తువ్వాళ్లు

మందాకినికి పంతొమ్మిదేళ్లు. పొద్దున్నే స్నానానికి వెళ్లేటప్పుడు తువ్వాలు తల మీదుగా కప్పుకుని, కళ్లు మాత్రం కనబడేట్టు ముఖానికి చుట్టుకుంటుంది.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు. జిల్లా కేంద్రంలో ఆమె ఉండే ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో, రెండో అంతస్తు స్నానాల గదులకి ఎదురుగా, దసరా సెలవుల్లో ఒక కెమెరా బిగించారు. పిల్లల భద్రత కోసమని వార్డెన్ చెప్పింది. ఆడపిల్లల భద్రత గురించి ఎవరు ఆలోచించినా, ముందు ఆడపిల్లల మీదే ఒక కన్ను వేసి ఉంచాలని తోస్తుంది కాబోలు. ఆ కెమెరాలో పడ్డది వాచ్‌మన్ చూస్తాడో, కరస్పాండెంట్ గారి బావమరిది చూస్తాడో ఎవరికీ తెలియదు. వారం తిరిగేసరికి ఆ అంతస్తులో అందరూ తువ్వాళ్లు చుట్టుకోవడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున మసక వెలుతురులో ఇద్దరు ఎదురుపడితే, ఎవరు ఎవరో తెలియక ఇద్దరూ ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయేవారు.

మందాకిని ఇన్‌స్టాలో ‘హాస్టల్ గొంతు’ అని ఒక పేజీ తెరిచింది. తన పేరు పెట్టలేదు, స్నేహితురాళ్లకి కూడా చెప్పలేదు. కెమెరా ఫొటో పెట్టి, “ఇది ఎవరు చూడ్డానికి?” అని రాసింది. నాలుగు రోజుల్లో రెండు వేల ఆరువందల లైకులు వచ్చాయి. ఐదో రోజు వార్డెన్ నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది. ఫిర్యాదు ఉన్నవాళ్లు సోమవారం పదింటికి, తండ్రి ఫోన్ నంబరు రాసిన చీటీతో, స్వయంగా తన గదికి రావాలట.

అది చదివాక మందాకినికి నాన్నే గుర్తొచ్చాడు. నాన్నకి ఫోన్ వెళ్తే చదువు ఆ రోజుతో సరి. ఆయన వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టె సర్దించే తీరు ఆమెకి తెలుసు. అక్క విషయంలో చూసింది.

శనివారం ఆమె వకుళ మేడమ్ ఇంటికి వెళ్లింది. వకుళ పాతికేళ్లు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు చెప్పదు, పని చెబుతుంది. అందుకని ఆమె దగ్గరికి వచ్చే పిల్లలు తక్కువ. కెమెరా సంగతీ తువ్వాళ్ల సంగతీ పేజీ సంగతీ అన్నీ చెప్పుకుని, మందాకిని అడిగింది.

“మేడమ్, రెండు వేల ఆరువందల మంది నా వైపున్నారు. అయినా నాకెందుకింత భయం?”

వకుళ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. “మీ పక్క గదిలో ఎవరుంటారు?”

“నూర్జహానక్క. ఫైనలియర్.”

“ఆమె లైకు కొట్టిందా?”

“ఏమో మేడమ్. పువ్వు బొమ్మలూ పిల్లి బొమ్మలూ, సగం దొంగ పేర్లే. ఎవరెవరో ఎలా తెలుస్తుంది?”

“అయితే పోయి ఆమెనడుగు. పేజీ నీదని చెప్పకు. ఏమందో వచ్చి చెప్పు.”

సాయంత్రం నూర్జహాన్ మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది.

“అక్కా, ‘హాస్టల్ గొంతు’ చూశావా?”

నూర్జహాన్ మెట్లవైపు చూసి, మందాకిని జబ్బ పట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక్కి లాగింది. “నీకేమైనా పిచ్చా? దాన్ని ఫాలో అవుతున్నావా?”

“అయితే ఏం?”

“ఏమా! అది వార్డెన్ పేజీ, మొద్దూ.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? దానికి పేరుందా, ఊరుందా? మన పిల్లే పెట్టి ఉంటే ఈపాటికి ఒక్కరికైనా చెప్పుకోదూ? కెమెరాకి మన ముఖాలు దొరకలేదు కదా, ఇప్పుడిలా లైకులు కొట్టినవాళ్లని ఏరుతోంది. నేనూ మొదటి రోజు కొట్టి చచ్చాను. వెంటనే తీసేశాననుకో. తీసేసినా వాళ్లకి కనబడుతుందంటావా?”

ఆ మాట అంటూనే నూర్జహాన్ మళ్లీ మెట్లవైపు చూసింది. క్లాసులో లెక్చరర్లనే నిలదీసే మనిషి. “అది నేనే అక్కా” అనడానికి మందాకినికి నోరు పెగల్లేదు. తనని చూసి ఒక మనిషి ఇంతగా భయపడడం ఆమె పుట్టాక ఇదే మొదలు.

గదికి వచ్చి గడియ పెట్టుకుని, లైకు కొట్టినవాళ్ల పేర్లు మొదటిసారి నిదానంగా చూసింది. హాస్టల్ పిల్లలనిపించినవాళ్లు పదిమంది కూడా లేరు. మిగిలినవాళ్లు ఎక్కడెక్కడి మగవాళ్లో. చాలామంది మద్దతుగా పిడికిలి బొమ్మ పెట్టారు. పిడికిలి పెట్టినవాళ్లలోనే ఒకడు కింద రాశాడు: “ఆ వీడియో ఉంటే నాకూ పంపు.” దానికి నలభై మూడు లైకులు. మందాకిని గదిలో ఒంటరిగా ఉండి కూడా చున్నీ సవరించుకుంది.

ఆదివారం పొద్దున్న మళ్లీ వకుళ ఇంటికి పోయి, విన్నది విన్నట్టు చెప్పింది.

“ఇప్పుడు చెప్పండి మేడమ్. నేనని చెబితే ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే మా పిల్లలకి నేనే వార్డెన్‌ని. ఏం చెయ్యను?”



“మీ వరండాలో ఎదురుపడి ఉలిక్కిపడేది ఎవరిని చూసో, తువ్వాలు తీస్తేగానీ తెలియదు,” అంది వకుళ. “ముందు ఎవరు తీయాలన్నది మాత్రం నన్నడక్కు.”

ఆ సాయంత్రం మందాకిని నూర్జహాన్ తలుపు కొట్టి, ఆ పేజీ తనదని చెప్పింది. సోమవారం పదింటికి వార్డెన్ గదికి ఇద్దరూ కలిసి వెళ్లారు. చీటీలో తండ్రి నంబరు ఉండాల్సిన చోట మందాకిని తన నంబరు రాసింది.