వరహాలమ్మ బదులు ముగ్గురు కూర్చున్నారు

సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్న ఓ ఊళ్ళో అప్పలనరసయ్య, అతని కొడుకులు పాపారావు, చిట్టిబాబు ఉండేవాళ్ళు. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ సంగతి వాళ్ళే రోజూ అరుగు మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో నాలుగో మనిషి అప్పలనరసయ్య పెళ్ళాం వరహాలమ్మ. ఆవిడకి తెలివి ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఆవిడ వంటింట్లో ఉంది, అది చాలదా!

ఓ వారంలో అన్నం మూడుసార్లు మాడింది. పొయ్యి ముందు నిలబడి వరహాలమ్మ ఊరికే ఏడుస్తోంది. ఎందుకేడుస్తున్నావంటే చెప్పలేదు. ఏడుపుని భరించారు గానీ మాడిన అన్నాన్ని భరించలేక, ముగ్గురూ ఆవిడని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. కుర్చీల్లో ముగ్గురూ కూర్చున్నారు. జబ్బు మనిషి తలుపు దగ్గర నిలబడింది.

డాక్టరమ్మ చూసి అంది: "ఒంట్లో జబ్బేం లేదు. మనసు అలిసిపోయింది. రోజూ సాయంత్రం ఓ గంట చెట్ల మధ్య కూర్చోవాలి. చెప్పులు విప్పి నేల మీద నడవాలి. పిట్టల్ని గమనించాలి. ఆ గంటా చేతికి ఏ పనీ ఉండకూడదు."

ఇంటికి రాగానే వరహాలమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికే?" అన్నాడు అప్పలనరసయ్య.

"తోటకి. కూర్చోమంది కదా."

"నీ పేరున సంతకం ఎవరు పెడుతున్నారు?"

"మీరే."

"ఎవరైనా నిన్ను పలకరిస్తే జవాబెవరు చెబుతున్నారు?"

"మీరే."

"మరి ముప్ఫై ఏళ్ళుగా నీ బదులు ఇన్ని చేస్తున్నవాణ్ణి, ఓ గంట కూర్చోలేనా? నువ్వు నీ పని చూసుకో. ఆ కష్టమేదో మేం పడతాం!"

అంతే. ముగ్గురూ తోటకి బయల్దేరారు. చెప్పులు విప్పారు, నడిచారు, కూర్చున్నారు. విప్పమంది గానీ మళ్ళీ వేసుకోమని డాక్టరమ్మ చెప్పలేదు కదా! చెప్పులు అక్కడే వదిలేసి ముళ్ళదారిన ఇంటికొచ్చారు. ఆరు పాదాలు. వరహాలమ్మ పిన్నీసు పట్టుకుని ముళ్ళు తీస్తూ కూర్చుంది. ఆ రోజు ఆవిడ కూర్చున్నది అదొక్కసారే.

మర్నాడు పిట్టల్ని గమనించారు. పిట్టలు కుదురుగా ఉంటాయా? ఎగిరిపోయాయి.

"ఇంట్లో పెట్ట ఉందిగా! అది ఎగరదు," అన్నాడు చిట్టిబాబు.

"నా కొడుకువిరా!" అన్నాడు తండ్రి.

ఇంకేముంది! వరహాలమ్మ పెంచుకుంటున్న గుడ్ల కోడిపెట్టని తెచ్చి చెట్టుకి కట్టి, చుట్టూ కూర్చుని కళ్ళార్పకుండా చూశారు. కుక్క వచ్చింది. చూశారు. తాడు కొరికింది. చూశారు. పెట్టని నోట కరుచుకుని పోతుంటే, కనుమరుగయ్యేదాకా చూశారు.

"తోలలేకపోయారా?" అంది వరహాలమ్మ, ఖాళీ తాడు చూసి.

"గమనించమన్నారు, తోలమనలేదు," అన్నాడు పాపారావు. "నీ మందుని మధ్యలో చెడగొట్టమంటావా అమ్మా?"

మూడో రోజు కూర్చునేవాళ్ళకి ఆకలేసింది. వరహాలమ్మ తోటకి బుట్టెడు గారెలు మోసుకెళ్ళింది. కానీ తినాలంటే చెయ్యి కదపాలి. చేతికి పని ఉండకూడదు! అంతే, ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ఆవిడ ఈ నోటికీ ఆ నోటికీ తిరుగుతూ గారెలు పెట్టింది, నీళ్ళు పట్టింది, మూతులు తుడిచింది.

"ఏమే, తేలికపడిందా?" అన్నాడు అప్పలనరసయ్య గారె నములుతూ.

"ఏది? బుట్టా?"

"మనసు! మేం కూర్చుంటున్నది ఎవరి కోసమనుకున్నావ్?"

"పడలేదు."

"చూశార్రా, మోతాదు చాల్లేదు. రేపట్నుంచి రెండు గంటలు. గారెలు కూడా రెట్టింపు తేవే."

నాలుగో రోజు రెట్టింపు గారెలు తిన్నాక ముగ్గురికీ నిద్ర ముంచుకొచ్చింది. వరహాలమ్మ బుట్ట బోర్లించింది. ఇంటి దారి పట్టలేదు. తోట ఆ చివరికి నడిచి, ఓ సరుగుడు మానుకి వీపు ఆనించి కూర్చుంది. సముద్రం మీది గాలికి సరుగుడాకు సన్నగా ఈల వేస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ తోట పక్కనే కాపురం ఉంటూ ఆ చప్పుడు ఇప్పుడే విన్నది. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుంది. ఊపిరి గుండెల్లోంచి నిండుగా వచ్చింది.

అవతల తండ్రీకొడుకులు లేచి ఇంటికెళ్ళారు. టీ లేదు, పొయ్యి చల్లగా ఉంది. "అమ్మ పోయింది!" అని పాపారావు గోల. వెతుక్కుంటూ మళ్ళీ తోటకొచ్చి, సరిగ్గా ఆవిడ ముందే నిలబడ్డారు.

"అమ్మా, మా ఇంటావిణ్ణి చూశారా?" అన్నాడు అప్పలనరసయ్య, కట్టుకున్న పెళ్ళానికి దణ్ణం పెట్టి.

వరహాలమ్మ ఓ క్షణం అతని మొహంలోకి చూసింది. హాస్యం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఎలా ఉంటుంది?" అంది.

"నిలబడి ఉంటుంది," అన్నాడు చిట్టిబాబు.

"చేతిలో గరిటె ఉంటుంది," అన్నాడు పాపారావు.

"మొహం?"

కొడుకులు తండ్రి వంక చూశారు. "పెళ్ళిలో చూశాను," అన్నాడతను. "బాసికం అడ్డొచ్చింది."

"అలాంటావిడ ఇటు రాలేదు."

"మీరు ఖాళీగానే ఉన్నారుగా, మా ఇంటికి వంటకొస్తారా?"

"వస్తాను. కానీ రోజూ సాయంత్రం గంట సేపు ఇక్కడ కూర్చుంటాను. ఎవరూ నా వెంట రాకూడదు. గారెలు అడక్కూడదు."

"అయ్యో, ఎంత మాట! బయటి మనిషికి ఆ మాత్రం వీలివ్వమా? మేమేమన్నా రాక్షసులమా?"

ఇంటికెళ్ళి ఆవిడ గరిటె పట్టుకుందో లేదో, "అమ్మొచ్చేసింది!" అని కొడుకులు గంతులేశారు. "ఎక్కడ చచ్చావే!" అని అప్పలనరసయ్య కేకలేశాడు. మర్నాడు సాయంత్రం ఆవిడ గరిటె కింద పెట్టింది. అంతే, అప్పలనరసయ్య లేచి నిలబడి, "వెళ్ళిరండమ్మా, నెమ్మదిగా రండి," అని గుమ్మందాకా సాగనంపాడు.

నెల తిరిగింది. అన్నం మాడలేదు. డాక్టరమ్మకి ఆ మాట చెప్పాలని మళ్ళీ వెళ్ళారు. ఈసారి వరహాలమ్మ ముందే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ముగ్గురూ నిలబడ్డారు.

"వరహాలమ్మగారు రోజూ తోటలో కూర్చుంటున్నారా?" అంది డాక్టరమ్మ.

"ఆవిడకెక్కడ తీరికండీ!" అన్నాడు అప్పలనరసయ్య. "మేం ముగ్గురం కూర్చున్నా పట్టని మందు, ఈ వంటావిడ కూర్చుంటే పట్టేసింది. మా ఆవిడకి పూర్తిగా నయం."

డాక్టరమ్మ కుర్చీలో ఉన్న మనిషిని చూసింది, నిలబడ్డ ముగ్గుర్నీ చూసింది. "మరి మీ ఆవిణ్ణి తీసుకురాలేదా?"

"ఎందుకండీ?" అన్నాడతను నవ్వుతూ. "ఇంట్లో నిలబడి ఉంటుంది."